టీచరమ్మ మిలిటరీ లారీ

దేవకుమారి టీచర్ లారీ కొన్న సంగతి దర్శి చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ రిటైరైన సంగతికన్నా జోరుగా తిరిగింది. రిటైరవడంలో వింతేముంది, వయసొస్తే ఎవరైనా అవుతారు. కానీ ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి వెళ్ళే సోషల్ టీచరు, సైన్యం వాడి వదిలేసిన లారీని వేలంలో పాడి కొనడం ఆ ఊరు పుట్టాక ఎవరూ విననిది. అదీ మొగుడితో మాటమాత్రం చెప్పకుండా.

మొగుడు జక్రయ్యని ఊళ్ళో అందరూ మిలిటరీ జక్రయ్య అంటారు. వయసంతా ఆర్మీ లారీలు తోలి వచ్చినవాడు. వేలం జరిగిన పూట ఆయన చర్చి కమిటీలో ప్రహరీగోడ ఎత్తు గురించి గొంతు చించుకుంటున్నాడు. ఇంట్లో ఈవిడ ఫోను ముందేసుకుని పాట పెంచుతూ కూర్చుంది. బండి నీకే ఖాయమైందని తెర మీద కనపడింది. ఏం చెయ్యాలో తోచక వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేసింది. ఆయన వచ్చాక అన్నం వడ్డిస్తూ, వంకాయ కూర వెయ్యనా అన్నంత మామూలుగా, లారీ కొన్నానండీ అంది.

జక్రయ్య ముద్ద కలపడం ఆపలేదు. ఏ లారీ అన్నాడు. మీరు తోలినదాని లాంటిదే అంది. అప్పుడు ఆపాడు.

ఆవిడ బాధ ఆవిడది. కొలువులో ఉన్నన్నాళ్ళూ నల్లబల్ల మీద ఇండియా మ్యాపు వేసింది. చెయ్యి కాశ్మీరు దగ్గర మొదలైతే పుస్తకం వంక చూడకుండా చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ కాశ్మీరులోనే ఆగేది. ప్రతి ఏడూ ఎవడో ఒకడు లేచి, టీచర్, మీరు ఇవన్నీ చూశారా అని అడిగేవాడు. మా ఆయన చూశాడురా అని చెప్పేది. మొదట్లో ఆ మాట గర్వంగానే ఉండేది. పోనుపోను గొంతులో ముల్లులా గుచ్చుకోసాగింది. స్కూలు టూర్లకి వెళ్ళలేదా అంటే వెళ్ళింది, కానీ పిల్లల తలకాయలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయింది. ఇక బస్సు ప్యాకేజీలంటే ఆవిడకి ఒళ్ళుమంట. దిగండి, ఫోటో తీసుకోండి, ఎక్కండి. అలా కాదు, మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము వెంటపెట్టుకుని పోవాలి. నచ్చినచోట ఆపాలి. అన్నం వండుకుని, కొండల వంక చూస్తూ తినాలి. లద్దాఖ్ దాకా పోవాలి. జక్రయ్య సెలవులకొచ్చినప్పుడల్లా అక్కడి కథలు చెప్పి కడుపుబ్బ నవ్వించేవాడు మరి. గడ్డకట్టిన కోడిగుడ్డుని సుత్తితో కొట్టడం, దుప్పటి కోసం పంజాబీవాడితో తగాదా, ఇలాంటివి ఎన్నో. ఆ కథలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

లారీ ఊళ్ళోకొచ్చిన రోజు చూడాలి. మిరపకాయలు ఎండబోసిన కల్లాల్లోంచి కూలీలు ముఖాలకి కట్టిన తువ్వాళ్ళు విప్పకుండానే పరిగెత్తుకొచ్చారు. మనిషెత్తు చక్రాలు, మొద్దు ముక్కు, తలుపు మీద చెరిపేసిన అంకెల మరకలు. పక్కింటి రైతు అంకమ్మరావు బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, టైర్లు తన్ని చూసి, కిందకి దూరి యాక్సిల్ చూసి, బయటికొచ్చి, టీచరమ్మా, ఇది నాకిచ్చెయ్యండి, గుంటూరు యార్డుకి కాయలు నేనే తోలుకుంటా, మీకెందుకిది అన్నాడు. దేవకుమారి నవ్వి ఊరుకుంది. అంకమ్మరావు మాత్రం ఊరుకోలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే పాలచెంబుతో పాటు అదే మాట మోసుకొచ్చేవాడు.

జక్రయ్య బండి ఎక్కలేదు. బానెట్ మీద చెయ్యేసి కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఒక షరతు పెట్టాడు. ముందు కనిగిరి దాకా వెళ్ళి, దుర్గం కొండ కింద ఒక రాత్రి ఈ బండిలో పడుకోవాలి. పడుకోగలిగితే ఎండాకాలంలో ఎక్కడికంటే అక్కడికి తోలతాడు. పడుకోలేక వెనక్కొస్తే బండి అంకమ్మరావుకి ఇచ్చెయ్యాలి, మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు. ఒక్క రాత్రేనా అని దేవకుమారి ఎగిరి గంతేసినంత పనిచేసింది.

కాగితాల గొడవ తేలి నంబరు ప్లేటు వచ్చేసరికి మిరప కోతలు ముమ్మరమయ్యాయి. సైన్యం రంగు ఉంచకూడదన్నారు కాబట్టి లేత నీలం వేయించింది. పొదిలి నుంచి వెల్డరు మొహిద్దీన్ బాషా వచ్చి వెనక డబ్బాకి రేకులు బిగించి, కిటికీలు కోసి, మడిచే మంచం, గ్యాసు పొయ్యికి అరుగు అమర్చాడు. ఊరంతా అక్కడే. ఆడవాళ్ళు కిటికీ తెరల రంగు గురించి పోట్లాడుకున్నారు. గరిటెలకి కొక్కేలు ఎక్కడ పెట్టాలో చెప్పనివాళ్ళు లేరు. దేవకుమారికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, ఆ సంతోషం అలాంటిది.

ఇనప రేకు ఎండకి పెనంలా కాలుతుంది కదా, దానికీ లోపలి ప్లైవుడ్‌కీ మధ్య ఏదైనా కూరాలన్నాడు బాషా. థర్మోకోల్ కొనుక్కురావాలని ఆయన ఉద్దేశం. ఎందుకయ్యా దండగ, గోనెసంచి ఉండగా అంది దేవకుమారి. పదేళ్ళ పిల్లలకి కూడా అర్థమయ్యేలా వేడి గోనెలోంచి ఎందుకు పారదో వివరించింది. బాషాకి అదీ నిజమే అనిపించింది. అంకమ్మరావు తన కొట్టంలో మూలుగుతున్న పాత సంచులన్నీ మోపులు కట్టించి పంపాడు. ఏళ్ళ తరబడి మిరపకాయలు తొక్కి కుక్కిన సంచులు అవి. వాటిని మడతలు పెట్టి, గోడ నిండా, పైకప్పు నిండా, సందు లేకుండా దట్టించి, ప్లైవుడ్ బిగించేశారు.

ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? కోతల కాలంలో ఆ ఊరి గాలే మిరప గాలి. గుళ్ళో పంతులు తుమ్ముతాడు, చర్చిలో పాటల బృందం తుమ్ముతుంది, గేదెలు తుమ్ముతాయి. బండి ప్రతిష్ఠ ప్రార్థనకొచ్చిన పాస్టర్ ప్రేమ్‌చంద్ గారు లోపలికెళ్ళి ప్రయాణపు దీవెన మధ్యలో రెండుసార్లు ఆగి ముక్కు చీదుకుంటే, అందరూ ఆమెన్ అన్నారు తప్ప ఎందుకని అడిగినవాడు లేడు.

బయల్దేరిన రోజు ఎండ మండిపోతోంది. తన ఇల్లు తను అనుభవించాలని దేవకుమారి ముందు కూర్చోకుండా వెనక మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. జక్రయ్య స్టీరింగు పట్టాడు. ఊరు దాటేదాకా ఆవిడ రాణిలా కిటికీలోంచి చెయ్యి ఊపింది. పత్తి చేలు, పొగాకు కాల్చే బ్యారన్ కొట్టాలు వెనక్కి పోతుంటే నవ్వు ఆగలేదు. ఎవరూ లేరు గనక గట్టిగా పాడుకుంది కూడా.

బండి వేగం అందుకుంది. రేకు వేడెక్కింది. ప్రతి గతుక్కీ గోడలు అదిరి, ప్లైవుడ్ సందుల్లోంచి కంటికి కనపడని ధూళి బుసబుసా రాలడం మొదలైంది. ముందు గొంతు గరగరలాడింది. తర్వాత ముక్కు, తర్వాత కళ్ళు. పాట దగ్గయింది, దగ్గు ఏడుపయింది. గరిటె తీసుకుని ముందు గోడ మీద బాదింది. ఆ ఇంజను మోతలో జక్రయ్యకి వినపడితేగా.

పొదిలి సెంటర్లో టీకొట్టు ముందు బండి ఆగి తలుపు తీసేసరికి, జుట్టు చెదిరిపోయి, ముఖం కందిపోయి, వెక్కి వెక్కి ఏడుస్తూ ఒక పెద్దావిడ మిలిటరీ లారీలోంచి దిగింది. పక్కనే తలుపు పట్టుకుని మీసాల మనిషి. చుట్టూ చేరిన జనం ఇంకేమనుకుంటారు? కొట్టు యజమానురాలు నసీమున్నీసా గంటె పట్టుకునే జక్రయ్య మీదకొచ్చి, ఈ వయసులో పెళ్ళాం మీద చెయ్యెత్తడానికి సిగ్గులేదా అని నిలదీసింది. మిరపకాయండీ, మిరపకాయ అని దేవకుమారి దగ్గుల మధ్య చెబితే గానీ వదల్లేదు. ఆ తర్వాత బెంచీ మీద కూర్చోబెట్టి చల్లటి పాలతో కళ్ళు కడిగింది.

కళ్ళు తెరుచుకున్నాక మొదట కనపడింది జక్రయ్య ముఖం. వేళాకోళం చేస్తాడనుకుంది. చెయ్యలేదు. "పద, ఇంటికి పోదాం. అంకమ్మరావుకి ఫోన్ చేస్తా," అన్నాడు మెల్లగా. ఆ గొంతులో గెలిచిన సంబరం ఇసుమంతైనా లేదు. పెద్ద గండం తప్పినవాడి నెమ్మది ఉంది. దేవకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. నంబరు ప్లేటు ఆలస్యమైనప్పుడు, రంగు ఆరనప్పుడు, ప్రతి అడ్డంకికీ ఆ ముఖంలో ఈ నెమ్మదే చూసింది. సోమరితనమని సరిపెట్టుకుంది.

ఆవిడ లేచింది. తువ్వాలు తడిపి కల్లంలో కూలీల్లా ముఖానికి కట్టుకుంది. కొట్టులో స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని బండెక్కింది. ఒక్కో మరమేకూ ఊడదీసి, ప్లైవుడ్ పెరికి, సంచులు బయటికి విసరసాగింది. ఎవడో కింద కుప్పేసి తగలబెడదామన్నాడు. పొదిలి ఊరంతా ఖాళీ చేయిస్తావా అని నసీమున్నీసా వాణ్ణి తరిమింది. దేవకుమారి ఆగలేదు. ఉత్త రేకుల మధ్యైనా సరే, ఈ రాత్రి కనిగిరిలో పడుకుని తీరుతుంది.

కాసేపటికి జక్రయ్య కూడా ఎక్కాడు. తువ్వాలు కట్టుకోలేదు. పైకప్పు పలకలు ఆవిడకి అందవని ఆయనే లాగడం మొదలెట్టాడు. మొదటి మోపు కిందపడగానే ఘాటుకి ఇద్దరి కళ్ళూ ధారలు కట్టాయి. ఆయన తుడుచుకోలేదు. రెండో పలక తీశాడు, మూడోది తీశాడు. భుజాలు అదురుతున్నాయి. ఎంతసేపు చూసినా దగ్గు వినపడలేదు. అది మిరప ఏడుపు కాదని దేవకుమారికి అప్పుడు తెలిసింది.

"ఆదాం అని ఉండేవాడు," అన్నాడు గోడ వైపు తిరిగి. "మనవైపు వాడే, పామూరు. లద్దాఖ్ కొండ మీద నా ముందు బండి వాడిది. మంచులో జారింది. అంత లోయలోకి వెళ్తే చప్పుడు కూడా రాదు కుమారీ. కాన్వాయ్ ఆపకూడదు, వెనక లైనంతా ఆగిపోద్ది. గేరేసుకుని ముందుకు పోయాను."

దేవకుమారి స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "మీరెప్పుడూ చెప్పలేదే. అన్నీ నవ్వొచ్చే కథలే చెప్పారు."

"నవ్వొచ్చేవే ఏరి చెప్పాను."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ తను అసూయపడింది దేనికి? ఆయన చూశాడు, నేను చూడలేదు అని మనసులో ఎన్నిసార్లు దెప్పింది? ఆయన మర్చిపోవాలనుకున్న దారికే ఆయన్ని పట్టి లాక్కెళ్తున్నానా అని సిగ్గేసింది. దగ్గరికెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. కింద జనం చూస్తున్నారు. చూస్తే చూడనీ, అందరికీ మిరపకాయలే కదా కనపడేది.

చివరికి ఆవిడే, "మీరు చూడంది ఏదైనా ఉందా అసలు?" అని అడిగింది.

జక్రయ్య ముక్కు తుడుచుకుని ఆలోచించాడు. "కిందవైపు ఏమీ చూడలేదు. గొడవ ఉన్న చోటికే పంపేవాళ్ళు గానీ ఊరికే ఉన్న చోటికి ఎందుకు పంపుతారు? కన్యాకుమారి ఫోటోలో చూడటమే."

"నేను బల్ల మీద గీయడమే," అంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎర్రగా వాచిన కళ్ళు, కారుతున్న ముక్కులు. జక్రయ్యకే ముందు నవ్వొచ్చింది. దేవకుమారికి ఒళ్ళంతా పులకరించింది. వేలం ఖాయమైన రోజు కూడా ఇంత సంబరం లేదు. ఆ రోజు ఒక్కతే.

సంచుల మోపులు కొట్టు వెనక పడేయించి, టీ తాగి, ఇద్దరూ ముందు క్యాబిన్‌లో కూర్చున్నారు. జక్రయ్య తాళం తిప్పాడు. ఎడమవైపు పోతే దర్శి, ఇల్లు. బండి కనిగిరి వైపే మళ్ళింది. ఆ రాత్రికి అక్కడ పడుకుంటారు, ఆ తర్వాత ఇంకా కిందకి.

"దారి తెలుసా నీకు?" అని అడిగాడు.

"తెలీదండీ."

"నాకూ తెలీదు," అన్నాడు జక్రయ్య. ఏ ఊరి పేరెత్తినా దారి నాకు తెలుసనే మనిషి నోట ఆ మాట రావడం అదే మొదలు. అంటూనే గేరు మార్చాడు.