ఏట్లో పోయిన చెప్పు

వీధి వెనక పారే ఏటిమీద సిమెంటు పలకలు పరిచి వ్యాన్లు నిలుపుకోవాలా వద్దా అని స్కూలు హాల్లో మీటింగు. "పరవాల్సిందే" అని అందరికంటే ముందు గొంతు చించుకున్న మహానుభావుడు ఎవరనుకున్నారు? టైలరమ్మ మొగుడే, వ్యాను డ్రైవరు. ఒకసారి మూతపడితే ఆ ఏరు మళ్లీ తెరుచుకోదని ఆవిడ దిగులు.

కాలేజీలో చదివే ఆవిడ మేనకోడలు లేచి కాలుష్యం లెక్కలు చెప్పింది. పాపం, చక్కగానే చెప్పింది. జనం ఆవలించారు.

"మురుక్కాలవకి ఇంత రామాయణమా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

టైలరమ్మ లేచింది. మొగుడి గుణం ఆవిడకు తెలీదా? ఎవరైనా కథ తప్పు చెబితే చాలు, ఆయన కుర్చీలో ముళ్లు మొలుస్తాయి.

"ఈయన నన్ను మొదట చూసింది ఆ ఏటి దగ్గరే. నీళ్లు మోకాల్లోతు ఉండేవి..."

"మోకాలా? నడుంలోతు!" అన్నాడు డ్రైవరు.

"సరే. చేపలైతే లేవుగానీ..."

"లేవా? నీ మతిమరుపు మండా!" ఆయన లేచి నిలబడ్డాడు. "అడుగున గులకరాళ్లు కనబడేవి. దోసిలి పెడితే చేపపిల్లలు వేళ్లు కొరికేవి. ఆ నీళ్లే తాగేవాళ్లం. చెబితే సరిగ్గా చెప్పాలి!"

హాల్లో ఆవలింతలు ఆగిపోయాయి. "మా పెద్దాడు ఈత నేర్చింది అక్కడే," అంది కూరగాయలమ్మే మామ్మ.

"ఈయన చెప్పు జారి ఏట్లో పడింది. నేనే పరిగెత్తి పట్టుకొచ్చా," అంది టైలరమ్మ. ఈ ముక్క మాత్రం నిజమే చెబుతున్నాననుకుంది.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "జారలేదే. నేనే వదిలా. నువ్వు వెళ్లిపోతుంటే ఇంకేం చెయ్యాలో తోచలా."

హాలంతా గొల్లుమంది. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారైనా అన్నాడా, దొంగ! మొగుణ్ణి మాటల్లో పెడదామని లేచిన మనిషికి ఆయన మీద ముద్దొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"పలకలు వేద్దామన్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు హెడ్మాస్టరు.

డ్రైవరు ఎత్తలేదు. "అది కాస్తా మూసేస్తే, ఈవిణ్ణి ఎక్కడ చూశావంటే మనవలకి ఏం చూపించాలండీ? వ్యాన్ల చక్రాలా?"

ఎత్తబోయిన చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. మర్నాడు ఏటిలో చెత్త ఎత్తడానికి మొదట కదిలింది ఆయన వ్యానే.