కంచెలో కట్టిన వల

అబ్దుల్ మజీద్ లాంటి అన్న పగవాడికి కూడా వద్దని దావూద్ అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెబుతూనే ఉంటాడు. ఆరో తరగతిలో బడి మాన్పించి, గురజాలలో ట్రాక్టర్ల షెడ్డులో స్పానర్లు అందించే పనికి తనని తోసింది మజీద్. అబ్బా పోయాక నడికుడి స్టేషన్ వెనకున్న పొలాన్ని చెరిసగం పంచిందీ మజీదే. మధ్యలో కంచెని మాత్రం పంచలేదు. వేప, రేగు, సర్కారు తుమ్మ అల్లుకుపోయిన ఆ కంచె ఏటికేడు దావూద్ వైపే ఒళ్లు చేసింది. హద్దురాయి అందులో ఎక్కడో కూరుకుపోయి ఉంది. కంచె మొత్తం తనదేనని మజీద్ వాదన. రాయి బయటపడితే కంచె తనవైపే తేలుతుందని దావూద్ నమ్మకం.

రాయి కనపడాలంటే కంచె నరకాలి. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, చివరికి సర్వేయర్‌ని ఒక గురువారానికి ఒప్పించాడు. ఆయన వచ్చేసరికి మొదళ్లు తప్ప ఏమీ మిగలకూడదని ఆ రోజు తెల్లారుతూనే గొడ్డలి భుజానేసుకుని పొలానికి వచ్చాడు.

మంచు దట్టంగా ఉంది. కంచె సందులోకి రెండడుగులు వేశాడో లేదో, మొహానికి ఏదో సాలెగూడులాంటిది చుట్టుకుంది. విదిలించుకోబోతే చొక్కా గుండీలు, గడ్డం, గొడ్డలి కామ అన్నీ అందులో చిక్కుకున్నాయి. కంటికి ఆనని సన్నటి నల్ల వల.

"కదలొద్దు బాబాయ్," అంటూ పరుగెత్తుకొచ్చాడు కోటేశ్వర్. స్టేషన్‌లో పాయింట్స్‌మన్ అతను. సెలవు దొరికిన రోజున వలలు కట్టి, చిన్న పిట్టల్ని పట్టి, మళ్లీ దొరికితే గుర్తుపట్టడానికి కాళ్లకి నంబరున్న ఉంగరాలు తొడిగి వదిలేస్తుంటాడు. పైసా రాదు. అనుమతి కాగితం ఉంది. రెండు చలికాలాలుగా ఈ కంచెలోనే కడుతున్నాడు, అదీ మజీద్‌ని అడిగి. ఆ సంగతి దావూద్‌కి ఇంకో మంట.

"నా కంచెలో నన్నే పట్టుకుంటావేందిరా? ముందు నన్ను తియ్యి."

"నువ్వు లాగితే దాని రెక్క ఇరుగుద్ది."

"దేని రెక్క?"

"నీ ముక్కు ముందర చూడు."

జానెడు దూరంలో, వల మడతలో వేలాడుతోంది ఒక పిట్ట. లేత వేపాకు రంగు. కంటి మీద గీసినట్టు తెల్లటి చార. బొటనవేలంత ఒళ్లు. కళ్లు మాత్రం దావూద్ మొహం మీదే నిలిచాయి. అతని ఊపిరి తగిలినప్పుడల్లా దాని మెడ మీద నూగు విడిపోతోంది, మళ్లీ సర్దుకుంటోంది. దావూద్ ఊపిరి బిగబట్టాడు. ఎందుకు బిగబట్టాడో అతనికే తెలియలేదు.

"ముందు దాన్నే తీస్తా," అన్నాడు కోటేశ్వర్. "నువ్వు ఓర్చుకోగలవు. అది ఓర్చుకోలేదు."

రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకి దొరికినవాడిలా నిలబడ్డాడు దావూద్. కోటేశ్వర్ వేళ్లు ఒక్కో పోగునీ గోటి మీద నుంచి, రెక్క కింద నుంచి తప్పిస్తుంటే రెప్ప వేయకుండా చూశాడు. కార్బొరేటర్ విప్పేటప్పుడు తన చేతులు కూడా ఇంత మెత్తగా పోయేవి కావు.

తర్వాత తననీ వలలోంచి తప్పించాక, దావూద్ పిట్ట వెనకే నడిచాడు. వేపచెట్టు కింద బల్ల దగ్గర ఫర్హీన్ కూర్చుని ఉంది. నరసరావుపేటలో టీచరు, ఆమెకూ ఇదే పిచ్చి. పిట్టని చిన్న గుడ్డసంచిలో వేసి తూచింది. ఎనిమిది గ్రాములు. దావూద్ జేబులో ఎప్పుడూ ఉండే పది నంబరు నట్లు మూడు కలిపితే అంతే.

"దీనికి ఉంగరం ముందే ఉంది చాచా," అంది ఫోనులో నంబరు వెతుకుతూ. "కిందటేడు మేమే వేశాం. ఇదే కంచెలో."

"ఏడాదంతా ఇక్కడే పడుంటే దొరక్క ఏం చేసుద్ది? అందులో ఏందంట గొప్ప?"

"ఎండాకాలం ఇది ఇక్కడుండదు బాబాయ్," అన్నాడు కోటేశ్వర్. "హిమాలయాల దాకా పోద్ది. అక్కడ గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, మళ్లీ చలికి దిగుద్ది."

"నడికుడిలో దిగమని నువ్వు జెండా ఊపావేమో."

"జెండా ఊపింది ఎవరో నాకూ తెలీదు. దారంతా రాత్రిపూట ఒక్కటే ఎగురుద్ది. దారిలో ఎన్ని అడవులు, ఎన్ని తోటలు. అన్నీ వదిలేసి వచ్చింది."

"ఈ జిల్లాకి."

"ఈ కంచెకి."

ఫర్హీన్ దావూద్‌ని అరచేయి చాపమని, పిట్టని వెల్లకిలా పడుకోబెట్టి చేయి తీసేసింది. విడుదలైనట్టు దానికి తెలియలేదు. ఆకాశంకేసి చూస్తూ అలాగే ఉండిపోయింది. గ్రీజు ఇంకి నల్లబడ్డ చర్మం మీద దాని గుండె, స్లోలో పెట్టిన ట్రాక్టర్ ఇంజనులా ఆగకుండా కొట్టుకుంటోంది. ఈ మాత్రం ఇంజనుతో కొండలు దాటింది. డీజిలు లేదు, పటం లేదు, చెప్పేవాడు లేడు. అంతలోనే అరచేయి తేలికైంది. పిట్ట కంచెలోకి దూరింది. చిస్వీ, చిస్వీ అని లోపల్నుంచి వినపడింది.

"నరికితే ఏడకి పోద్ది?" అని అడిగాడు దావూద్.

"తెలీదు బాబాయ్. వచ్చే చలికాలం మాత్రం ఇక్కడికే వచ్చుద్ది. వచ్చి వెతుక్కుంటది."

సర్వేయర్ బండి ఆగింది. వెనకే మజీద్ దిగాడు.

"ఒరేయ్ దావూద్, నరకలేదేందిరా? చేతులు పడిపోయినయ్యా?"

"నరకను. నువ్వూ నరకొద్దు. కంచె మొత్తం నీదేనని రాసుకో భాయ్, సంతకం పెడతా. దాని మీద గొడ్డలి పెట్టనని నువ్వూ రాయి."

మజీద్ తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. "వీడికేమన్నా గాలి సోకిందా కోటేశ్వరూ?"

"నిన్ను మాఫ్ చేసినట్టు కాదు," అన్నాడు దావూద్. "నీ మొహం చూసి ఇచ్చింది గాదు."

సర్వేయర్ బండి మీదే కాగితం రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు, కోటేశ్వర్ సాక్షి. తర్వాత కంచె ఇవతలి అంచు వెంట టేపు లాగి, పాత పంపకం కాగితంతో సరిచూసి లెక్క కట్టాడు. ఆ పొద్దున దావూద్ పోగొట్టుకున్నది అయిదు సెంట్ల పది గజాలు.