అక్కకిచ్చిన గది

పుష్పకుమారి మిషను తొక్కడం ఆపి దగ్గింది. దగ్గు తెరిపిచ్చాక చేతిలోని రవికెను లైటు కిందికి తెచ్చి చూసుకుంది. ఈమధ్య దగ్గితే నెత్తురు పడుతోంది. ఊరివాళ్ల గుడ్డ మీద తన మరక పడకూడదు. పడలేదు. మళ్లీ కాలు ఆడించింది.

మనిషి సగమైపోయింది. మెడలోని టేపు భుజాల ఎముకల మీద నిలవక జారిపోతూ ఉంటుంది. చూపుడువేలి కొస సూదిపోట్లకు గరుకుదేరి, పట్టుగుడ్డను తాకితే పోగు లేస్తుంది. ఏళ్ల కిందట భర్త పోయాక జువ్వలదిన్నెలో తమ్ముడు బెన్హర్ ఇంటికి చేరింది. అతను అప్పుడే పై అంతస్తు వేయించాడు. "మోకాళ్ల నొప్పులతో మెట్లేం ఎక్కుతావు గానీ, కింద గదిలో ఉండక్కా. మేం పైకి పోతాం" అన్నాడు. ఆ ఆదివారమే పుష్పకుమారి చర్చిలో లేచి నిలబడి, తోడబుట్టినవాడి మంచితనం గురించి సాక్ష్యం చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా.

ఊపిరితిత్తుల్లో క్యాన్సరని తేలినప్పుడు నెల్లూరు డాక్టరు, చుట్ట తాగుతావా, మీ ఆయన తాగేవాడా, కట్టెల పొయ్యి ఊదేదానివా అని అడిగాడు. ఏదీ లేదు. మరెందుకొచ్చింది? తాను చేసిన పాపమేదో ఉండే ఉంటుందని, మిషను తొక్కుతూ బతుకంతా వెనక్కి వెతుక్కుంటూనే ఉంది.

ఆ పూట గుమ్మంలోకి ఒక అమ్మాయి వచ్చింది. పేరు రేవతి అని, కాలేజీ తరఫున ఇళ్లల్లో గాలి పరీక్ష చేస్తున్నామని చెప్పింది. గదిలో మంచం, మిషను చూసి ఆగిపోయింది.

"మీరు ఈడ ఉండారా అమ్మా? ఈ గది వాడటంలేదేమో అనుకున్నా."

"ఎందుకు వాడరు?"

"చాలా ఏళ్ల కిందట మా కాలేజీ వాళ్లే ఈడ పరీక్ష పెట్టినారు. నేలలోంచి రేడాన్ అని ఒక గాలి వస్తుంది. రంగుండదు, వాసనుండదు. గాలాడని గదిలో నిలవైపోతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. ఈ గదిలో మరీ ఎక్కువుండాది. గచ్చు పగుళ్లు పూడ్పించమని, కిటికీ తెరిచిపెట్టమని, అందాకా ఎవర్నీ పడుకోనీయొద్దని ఇంటాయనకు అప్పుడే చెప్పినారు."

"ఏ ఇంటాయనకు?"

"బెన్హర్ గారికే అని మా కాగితాల్లో ఉండాది. పైన కట్టుబడి కూడా మొదలుపెట్టలేదప్పుడు."

పుష్పకుమారి రవికెను మడిచి ఒళ్లో పెట్టుకుంది. "నా జబ్బు దీనివల్లేనా తల్లీ?"

"దీనివల్లే అని ఎవురూ ఖాయంగా చెప్పలేరమ్మా. కాదని కూడా చెప్పలేరు." రేవతి గోడల వంక చూసి, "ఈడ కిటికీ ఉండాలే?" అంది.

కిటికీ ఉండేది. పుష్పకుమారి వచ్చాక, ఆనుకుని కొట్టు కట్టుకోవడానికి బెన్హర్ దాన్ని ఇటుకలతో మూయించాడు.

మధ్యాహ్నం బెన్హర్ అన్నానికి వచ్చేసరికి అక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"గాలి సంగతి నీకు తెలుసంట గదా తమ్ముడా."

అతను చెప్పులు విప్పుతూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. "కంటికి కనబడని దాన్ని ఏం నమ్మేదక్కా? ఊరికే భయపెడతా ఉండారనుకున్నా."

"మరి పైకెందుకు పోయినారు?"

"మా షారన్ అప్పుడు చిన్నబిడ్డ. ఒకవేళ నిజమైతేనో అని..."

"బిడ్డకైతే నమ్మినావు. అక్కకైతే నమ్మలేదు."

"అట్లా అనొద్దక్కా. నీకు నిలవ నీడ ఉంటాదని ఇచ్చినా."

"వసారాలో పడుకోమన్నా పడుకునేదాన్ని. కిటికీ మూసేటప్పుడన్నా ఒక మాట చెప్పలేకపోయినావా? నీ గురించి చర్చిలో సాక్ష్యం చెప్పినానే. నువ్వూ ముందు వరసలో కూర్చోని విన్నావే!"

బెన్హర్ అక్క కాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె లోపలికి పోయి మిగిలిన కాజాలు కుట్టింది. రవికె కోసం వచ్చిన వెంకటశేషమ్మ, సంగతంతా విని కొంగుతో మొహం తుడుచుకుంది. హార్బరు పక్కన ఆమెది చేపలు ఎండబెట్టుకునే రేకుల పంచ. "నా పంచకు గోడల్లేవు. వాసనొస్తాది గానీ గాలికేం కొదవలేదు. రా అక్కా" అంది.

పొద్దు వాలకముందే ఊళ్లో ఆటో నడిపే సుబ్బు బండి తెచ్చాడు. మిషను, ట్రంకుపెట్టె, చాప ఎక్కించాడు. మేడమీది పిట్టగోడ దగ్గర బెన్హర్ నిలబడి ఉన్నాడు. "అక్కా" అని ఒకసారి పిలిచాడు. ఆమె తల ఎత్తలేదు. "బండి పోనీ నాయనా" అని సుబ్బుతో అంది.

ఆ పంచలో సముద్రం వైపు తిరిగి రెండు నెలలు కుట్టింది. పాపం కోసం వెతుక్కోవడం మానేసింది. ఒకరోజు ఎండుచేపలు తిరగేసి వచ్చిన వెంకటశేషమ్మ పిలిస్తే పలకలేదు. తల మిషను మీద వాలి ఉంది.

బెన్హర్ ఆ గదిని ఎవరికీ ఇవ్వలేదు. లోపల, మూసేసిన కిటికీ ఉన్న చోట, గోడకు రెండు మేకులు కొట్టి పుష్పకుమారి కట్టుకున్న తెర అలాగే ఉంది. అందరి గుడ్డల్లో మిగిలిన ముక్కలు అతికి కుట్టిన పూల తెర. అది కదలదు.