గంధం గిన్నెలో పోయిన జెట్టు

నేను ఒక ఇత్తడి జెట్టును. సెనగగింజంత ఉంటాను. మోటారు సైకిలు కార్బురేటరు అడుగున కూర్చుని, ఇంజనుకు ఎంత పెట్రోలు కావాలో అంతే వదలడం నా ఉద్యోగం. నా నడుమ సూదిమొన దూరేంత కన్నం ఉంది. నా ఇత్తడికి విలువ లేదు, విలువంతా ఆ కన్నానికే. ఉన్నదానికన్నా లేనిదానికి ఇంత గొప్పేమిటో నాకు ఈనాటికీ బోధపడలేదు.

ఎక్కడో ఒక లేతు మిషను మీద పుట్టాను. ఒకాయన నన్ను వెలుతురుకు ఎత్తి, ఒంటికన్నుతో నాలోంచి ఆకాశం చూసి, నా తలమీద తొంభై అయిదు అని అంకె కొట్టాడు. అదే నా పేరు.

కొత్త బండిలో సామర్లకోట వచ్చాను. మా యజమాని విశ్వపతి మేస్టారు. స్నానం, సంధ్య, బండి తుడవడం, ఈ మూడూ అయితేగాని కాఫీ ముట్టేవారు కాదు. ఒక శుక్రవారం ఆయనకు కార్బురేటరు తానే విప్పి కడగాలని బుద్ధి పుట్టింది. నన్ను నానబెట్టడానికి చిన్న గిన్నె కావాలి. పెరటి అరుగు మీద ఆయన భార్య శ్యామలాంబగారు చింతపండుతో తోమి ఆరబెట్టిన పూజ సామాను తళతళలాడుతోంది. చేతికందిన గంధం గిన్నెలో పెట్రోలు పోసి నన్ను అందులో వేశారు. ఇంతలో వీధిలో ఎవరో పిలిస్తే వెళ్లి కబుర్లలో పడ్డారు. ఎండకు పెట్రోలు ఆవిరైపోయింది. శ్యామలాంబగారు వచ్చి గిన్నెలో నన్ను చూశారు. స్క్రూలా మరలున్న వైపు నా నోరు కాస్త వెడల్పు. అందులో అగరొత్తి సరిగ్గా నిలబడింది.

"మొత్తానికి నేనడిగిన అగరొత్తి స్టాండు తెచ్చారన్నమాట!" అని మురిసిపోయి, వెంకటేశ్వరస్వామి పీఠానికున్న చిన్న గుంటలో నన్ను తలకిందులుగా నిలబెట్టారు.

మేస్టారు తిరిగి వచ్చేసరికి గిన్నె లేదు, నేనూ లేను. అడగాలంటే గంధం గిన్నె సంగతి చెప్పాలి. పెరడంతా మోకాళ్ల మీద పాకారు.

"ఏం పోయిందండీ?"

"ఏం లేదు. చీమలు ఎటు పోతున్నాయో చూస్తున్నా."

దొరికిన జెట్టేదో బిగించుకున్నారు. దాని కన్నం నా కన్నం కంటే చిన్నదని ఆయనకు తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి దగ్గి ఆగిపోయేది. పదకొండేళ్లు ఆయన రోజూ నా ఎదుట నిలబడి, "స్వామీ, ఆ బండి రోగమేమిటో తెలియజెయ్యి" అని వేడుకున్నారు. కళ్లు మూసుకునే వేడుకున్నారు. అడిగేటప్పుడు మనుషులు కళ్లెందుకు మూసుకుంటారో!

చివరికి ఆ బండిని పక్కవీధి నూకరత్నానికి ఇచ్చేశారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆ అమ్మాయికి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. రైలు గేటు దగ్గర మెకానిక్కు సత్యానందం దానికి పక్కచక్రాలు తగిలించి, కిక్కు చేత్తో లాగేలా కడ్డీ అతికించాడు. ఊళ్లకు పుస్తకాలు తీసుకెళ్లే సంచార గ్రంథాలయం పనికి రత్నం దరఖాస్తు పెట్టింది. సొంత బండి ఉండాలి, పుస్తకాల బరువుతో రైలుపట్టాల మీది రోడ్డు వంతెన ఎక్కి దిగాలి. మధ్యాహ్నం మూడింటికి అధికారి వచ్చి చూస్తారు.

బండి మాత్రం సగం వంతెనలోనే ప్రాణం వదిలేస్తోంది. ఆ రకం బళ్లు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. తొంభై అయిదు అంకె జెట్టు ఉండాలని తేల్చి, సత్యానందం కాకినాడ పాతసామాను కొట్లన్నీ జల్లెడ పట్టాడు. ఎనభై దొరికింది, నూట ఇరవై దొరికింది. ఒకటి చాలదు, ఒకటి నల్లపొగ కక్కుతుంది. అధికారి వచ్చే రోజున ఒంటిగంటన్నరకు రత్నం చంకకర్రలతో మేస్టారి ఇంటికి వచ్చింది.

"మేస్టారండీ, తొంభై అయిదు జెట్టు కావాలండి. పాత సామాన్ల డబ్బా ఏమైనా ఉందాండి?"

ఆయన డబ్బా బోర్లించారు. వాషర్లు, స్ప్రింగులు, తుప్పుపట్టిన క్లిప్పులు. నేను లేను. రత్నం కళ్లు చెమ్మగిల్లాయి.

"దణ్ణం పెట్టుకోవే, ఆయనే చూస్తాడు," అన్నారు శ్యామలాంబగారు.

ఆ పిల్ల దణ్ణం పెట్టింది, కానీ కళ్లు మూసుకోలేదు. నా గుండె, అంటే నా కన్నం, ఝల్లుమంది. చూడు తల్లీ, ఇటు చూడు!

"అమ్మగారండీ... ఆ అగరొత్తి స్టాండుకి మరలేంటండి?"

మేస్టారు ఒక్క ఉదుటున వచ్చి నన్ను పైకి లాగారు. బూడిద తుడిచారు. "తొంభై అయిదు!" అని కేకపెట్టారు.

"అంటే ఇది మీరు తెచ్చిన స్టాండు కాదా?"

"గంధం గిన్నెలో పెట్రోలు పోసి నానబెట్టానే... అప్పుడు..."

"నా గంధం గిన్నెలో పెట్రోలా! పదకొండేళ్లుగా ఆ గంధమే కదండీ స్వామికి పూస్తున్నాను!"

మేస్టారు స్తంభం చాటుకు తప్పుకున్నారు. శ్యామలాంబగారు పటం వైపు తిరిగారు. "స్వామి ముందున్న వస్తువు. తీయొచ్చో లేదో..." అని సందేహిస్తూ, రత్నం చంకకర్రల వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూశారు. తరువాత నాకు కుంకుమ బొట్టు పెట్టి, ప్రసాదం పెట్టినట్టు రత్నం కుడిచేతిలో వేశారు. "ఆయన వద్దనలేదు. పరిగెత్తించు బండి!"

నా నిండా బూడిద, పసుపు. రైలు గేటు దగ్గర సత్యానందం కరెంటు తీగలోంచి ఒక్క పోగు పీకి, ఊపిరి బిగబట్టి నా కన్నంలోకి దింపాడు.

"పిన్నీసుతో పొడవకూడదమ్మా రత్నం. కన్నం పెద్దదైతే మళ్లీ నల్లపొగే. ఓరి నాయనో, ఇన్నాళ్లూ దేవుడి దగ్గర డ్యూటీ చేసొచ్చావా!"

నన్ను పెట్రోలులో ముంచాడు. పదకొండేళ్ల తరువాత ఆ చల్లదనం!

మూడింటికి అధికారి వచ్చారు. రెండు పెట్టెల పుస్తకాలు ఎక్కించారు. రత్నం కడ్డీ లాగింది. కార్బురేటరు చీకటి తొట్టెలో కూర్చున్న నాకు వంతెన కనబడదు. బరువు మాత్రం తెలుస్తుంది. ఎత్తు మొదలైంది. ఇంజను ఆకలిగా గుంజింది, ఇచ్చాను. ఇంకా గుంజింది, ఇచ్చాను. దగ్గు రాలేదు. పైనుంచి రత్నం కేక వినబడింది: "ఎక్కేసిందండోయ్!" దిగువన సత్యానందం ఈల వేశాడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం పుస్తకాల బండి మేస్టారి గుమ్మంలో ఆగుతుంది. శ్యామలాంబగారు పుస్తకం తీసుకుని, బండికి అగరొత్తి తిప్పి, హెడ్‌లైటుకు భక్తిగా దణ్ణం పెడతారు. నేను అక్కడ లేనమ్మా, ఇటు కింద, ఇంజను పక్కన ఉన్నాను అని చెప్పాలనుకుంటాను. ఫరవాలేదు. ఆ దణ్ణం నాకు అందుతూనే ఉంది.