మూడో అంతస్తు స్టూలు

రెండో అంతస్తుకి చేరేసరికి మెట్లక్క చీపురు గోడకి ఆనించి, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబడ్డాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ అయిదంతస్తుల ఆఫీసు మెట్లు ఊడుస్తున్న మనిషి. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

లోకంలో ఎవరైనా మెట్లు పైనుంచి కిందికి ఊడుస్తారు. ఈవిడ రెండేళ్ళుగా కిందినుంచి పైకి ఊడుస్తోంది. ఒక్క బిగిన అయిదంతస్తులెక్కాలంటే ప్రాణం పోయినంత పనవుతోంది మరి. ఊడ్చుకుంటూ ఎక్కితే మెట్టు మెట్టుకీ ఆగొచ్చు, ఎందుకాగావని ఎవరూ అడగరు. పై దుమ్మంతా ఊడ్చిన మెట్ల మీదే పడుతోందని, తలకిందుల సంసారమని సూపర్‌వైజరు ఎకసెక్కాలాడేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వడానికీ ఊపిరి కావాలి కనుక కొంచెమే.

ముందు వయసన్నారు, తర్వాత ఉబ్బసమన్నారు. చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. ఎప్పుడో కాలు విరిగి మంచాన పడ్డనాడు కాలిలో రక్తం గడ్డకట్టి, ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడి నాళాలకి పాచిలా అతుక్కుపోయిందట. దాంతో అక్కడ రక్తపోటు పెరిగి, గుండె మోయలేని బరువు మోస్తోందట. మాత్రలు కొత్త గడ్డలు కట్టకుండా ఆపుతాయే గాని పాతవాటిని కరిగించలేవు. రొమ్ము తెరిచి ఒలిచి తీయాలి. అందరూ బతికి లేవరు. లేచినవాళ్ళు చాలామంది ఆయాసపడకుండా మెట్లెక్కుతారు. ఆ ఒక్క మాట మీదే మెట్లక్క సరేనంది. ఆపరేషను రేపే.

మూడో అంతస్తు మలుపులో ఆమె స్టూలుంది. చప్పుడు కాకుండా ఆ స్టూలు కాలు ఒకదానికి ఎప్పుడో పాత గుడ్డ చుట్టింది. స్టూలు మీద కూలబడింది. వాచ్‌మన్ ముసలాయన నీళ్ళ సీసా పట్టుకొచ్చాడు.

"సాయంత్రం ఆసుపత్రిలో చేరాల్సినదానివి, ఇవాళెందుకొచ్చావే?"

"ఇంట్లో కూర్చుంటే భయమేస్తోంది బాబాయ్. ఇక్కడైతే ఆయాసమొక్కటే."

స్టూలు కింద గదిలో పెట్టించనా అన్నాడాయన.

"కదపకు. తిరిగొచ్చాక నేనే మోసుకెళ్తాను. పైనుంచి ఊడ్చుకుంటూ."

అయిదో అంతస్తు చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం కూతురొచ్చి ఆటో ఎక్కించుకుపోయింది.

ఆపరేషను పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా సాగింది. గడ్డలు చెట్టువేళ్ళలా కొమ్మలు కొమ్మలుగా వచ్చాయని కూతురికి చూపించారు. నాళాలైతే శుభ్రమయ్యాయి. గుండె మాత్రం అప్పటికే అలిసిపోయి ఉంది. మూడోనాడు తెల్లవారుతుండగా ఆగింది.

ఇప్పుడు కొత్తగా వచ్చినావిడ పైనుంచి కిందికే ఊడుస్తుంది. మూడో అంతస్తుకొచ్చాక స్టూలు ఎత్తి, దాని కింద ఊడ్చి, గుడ్డ చుట్టిన కాలు గోడవైపుకి వచ్చేలా మళ్ళీ అక్కడే పెడుతుంది.