సొంత సిమ్మున్న గడియారం

ఫోనులా మాట్లాడే ఆ చేతి గడియారాన్ని వెనక్కి ఇచ్చెయ్యాలంటే ఆ రోజు సాయంత్రం ఆరింటిదాకానే గడువు. పద్నాలుగు రోజులు వాడి చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్యొచ్చన్నారని మా అమ్మాయి కొట్టునుంచి తెచ్చింది. ఆ పదమూడు రోజులూ మా ఇంట్లో దాని మీద వాదన ఉడికినంతగా అన్నం ఉడకలేదు.

మా ఆవిడ మాట సూటిగా ఉంటుంది. "పక్కన ఫోనుంటే పలికే గడియారం సగం ధరకే వస్తుందటగా. దీనికి సొంత సిమ్మొకటి, నెలనెలా దానికి కట్టడమొకటి. ఈ వయసులో ఈయన చేతికి రెండో సంసారం ఎందుకే?"

"నాన్న పనిచేసే గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరమ్మా. పక్కన ఫోను లేకపోతే ఆ సగం ధరది టైము చెప్పి ఊరుకుంటుంది," అనేది అమ్మాయి.

"టైము తెలిస్తే మాత్రం, ఈయన ఏనాడు వేళకి ఇంటికొచ్చారు?"

నేను పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. చేపల పెట్టెలూ బఠానీ సంచులూ గడ్డకట్టించి దాచే గది. సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంటుంది. ఆ చలికి ఫోను కాసేపట్లోనే కళ్ళు తేలేస్తుంది. అందుకని బయట అరలో పెట్టి లోపలికి వెళ్ళాలన్నది రూలు. ఇరవై ఏడేళ్ళుగా వెళ్ళి వస్తున్నాను. అక్కడి చలి గురించి నేను ఇంట్లో చెప్పని కథ లేదు. ఒకసారి నా నీడ నేలకి అంటుకుపోతే పారతో గీకి, చాపలా చుట్టి చంకన పెట్టుకొచ్చానని చెప్పాను. ఇంకోసారి పెట్టెలోంచి ఒక చేప తల ఎత్తి, దుప్పటేమైనా ఉందా అని అడిగిందన్నాను. పనిలో అందరూ నన్ను కోతలరాయుడంటారు. బిరుదు ఊరికే ఎవరిస్తారు చెప్పండి.

వాదన తేల్చే ఉపాయం ఆ మధ్యాహ్నం తోచింది. గది లోపల గడియారానికి సిగ్నల్ అందితే ఉంచుకోవడం, అందకపోతే ఇచ్చెయ్యడం. ఆ రోజు ఒంటిపూటే పని. గేటు కాపలా కుర్రాడు తప్ప అందరూ వెళ్ళిపోయారు. లోపలి చలి ఎంతుందో రాసిపెట్టి తాళం వెయ్యడం నా వంతు. తలుపు తెరిచి ఉంటే అది పరీక్షెలా అవుతుందని, జానెడు మందం తలుపుని నా చేత్తో నేనే లాగి మూసుకున్నాను. బయటి గొళ్ళెం దానంతటదే పడింది. తెలివంటే అదీ.

సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. మా ఆవిడే గెలిచిందనుకుని, తలుపు పక్కనున్న ఇనప కడ్డీని నెట్టాను. లోపల చిక్కుకున్నవాడు బయటపడడానికి పెట్టిన కడ్డీ అది. నెట్టగానే బయటి గొళ్ళెం ఊడాలి. కడ్డీ కదల్లేదు. భుజం ఆనించి తోశాను. మంచు చుట్టూ పేరుకుని, కడ్డీ తలుపులో ఒక భాగమైపోయి ఉంది. పక్కనున్న బెల్లు మీట నొక్కాను. అది టిక్కుమంది, అంతే. తలుపు మీద గుద్దితే, ఫ్యాన్ల హోరులో ఆ గుద్దులు నాకే వినపడలేదు.

మర్నాడు పొద్దున ఆరింటిదాకా ఆ తలుపు జోలికి ఎవరూ రారు. అంతసేపు అక్కడ మనిషి ఉండడు. పెట్టెల్లో ఇంకో సరుకు ఉంటుంది. ఆ చలిలో నాకు ముచ్చెమటలు పట్టాయి. ఇది కోత కాదు. ఆ చెమటే వీపు మీద చల్లబడి, చొక్కా అట్టలా బిగుసుకుంది.

చెయ్యి పైకెత్తి గోడల వెంట తిరిగాను. గీత లేదు. బ్యాటరీ నలభై నుంచి ముప్పైకి దిగింది. కోటు చేతి కింద దాచి, ఒంటి వేడి తగిలేలా పట్టుకున్నాను. పైమూలన గాలి ఆడడానికి అరచేతంత కన్నం ఉంటుంది. పెట్టెల దొంతరలు పట్టుకుని ఎక్కాను. మోకాళ్ళు వద్దని మొత్తుకున్నాయి. పైకి చేరేసరికి ఒక గీత కనిపించి పోయింది. మళ్ళీ వచ్చింది.

చేతి తొడుగు తీసి గడియారం అద్దం మీద వేలు పెట్టాను. వేలు కొయ్యబారింది, అద్దం దాన్ని గుర్తుపట్టలేదు. ఇంకో వేలు. అదీ అంతే. చివరికి ముక్కుతో నొక్కాను. ముక్కుని మాత్రం నమ్మింది. అమ్మాయి ఫోను మోగింది.

"నాన్నా, గడియారంలోంచే మాట్లాడుతున్నావా? భలే వినపడుతోందే."

"తల్లీ, లోపల చిక్కుకుపోయాను. తలుపు తెరుచుకోవట్లేదు."

"ఓహో. దుప్పటడిగిన చేప ఏమంటోంది?"

"నిజం చెబుతున్నానే."

"నీడ అంటుకున్నప్పుడు కూడా నిజమే చెప్పావుగా."

పళ్ళు కొట్టుకుంటుంటే మాట ముక్కలవుతోంది. "ఒట్టు. రెండో గది. ఎవరూ లేరు."

"పళ్ళు కటకటలాడించడం కూడా నేర్చావే. అమ్మకి వినిపించు, నవ్వుతుంది. నాకు పనుంది, పెట్టెయ్యనా?"

బ్యాటరీ తొమ్మిది. జీవితమంతా ఆ పిల్లని నమ్మించడానికి ఎన్ని మాటలు కూర్చానో లెక్కలేదు. ఇప్పుడు నమ్మించే మాట ఒక్కటీ దొరకలేదు.

"భయంగా ఉందమ్మా," అన్నాను.

తను పుట్టిన ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట నా నోట ఆమె విని ఎరగదు.

"ఏ గదన్నావు?" గొంతు మారిపోయింది.

"రెండు..." అన్నాను. గడియారం నల్లబడింది.

ఆ మాట ఆమెకి అందిందో లేదో తెలీదు. కిందికి దిగి తలుపు దగ్గర నిలబడి కాళ్ళు ఆడిస్తూ అంకెలు చదివాను. వంద తర్వాత ఏ అంకె వస్తుందో గుర్తు రాలేదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఎన్నిసార్లు మొదలుపెట్టానో చెప్పలేను. కూర్చుంటే బాగుంటుందనిపించసాగింది. ఆ కోరికే అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

గొళ్ళెం ఊడింది. వెలుగులో గేటు కాపలా కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"ఏంటి బాబాయ్, అమ్మాయిగారితో కూడా ఫోను చేయించి నన్ను హడలగొట్టడానికి ఇదో కొత్త..." అంటూ నా మొహం చూశాడు. తక్కిన మాట మింగేసి నా చంకల కింద చేతులు వేశాడు.

ఇంటికి చేరేసరికి అయిదు దాటింది. అమ్మాయి నాకంటే ముందే వచ్చి ఉంది. మా ఆవిడ నా వేళ్ళని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, వదలకుండా కూర్చుంది.

"ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పండి."

"తలుపు కాస్త పట్టేసింది. కాసేపే."

ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం నాకు అలవాటు లేదు. అమ్మాయి తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

"గడియారం ఇచ్చేద్దామే," అన్నాను. "కన్నం దగ్గర తప్ప పలకలేదు. నేను కిందే పడిపోయుంటే దాని సొంత సిమ్ము ఏం చేసేది?"

"కన్నం దగ్గరైనా పలికింది కదా," అంది మా ఆవిడ. "ఉండనివ్వండి."

ఆరయింది. ఎవరమూ లేవలేదు.

"కడ్డీ, బెల్లు బాగయ్యేదాకా లోపలికి అడుగుపెట్టనని మేనేజరుకి చెప్పేశాను," అన్నాను.

"బాగుచేశాక?" అంది మా ఆవిడ.

ఏదో ఒక కథ అల్లుదామని నోరు తెరిచాను. ఆవిడ నా వేళ్ళని ఇంకా వదల్లేదు.

"తెలీదే," అన్నాను.