మూడో గొట్టం కింద

జీపు నా మెకానిక్ షెడ్డులోకి వచ్చేసరికి పన్నెండున్నర. బావ ఇంజన్ ఆపకుండానే కిందికి దూకాడు.

"మరదలా, గంటలో అయిపోవాలి. అమ్మకి ఊపిరి ఆడటం లేదు."

టిక్, టిక్, టిక్. డీజిల్ ఇంజన్ మోత వెనక ఇంకో సన్నని చప్పుడు. పొగ బయటికి పోయే దారి మధ్యలోనే ఎక్కడో కారుతోంది. క్యాబిన్ తలుపు తీయగానే నా కళ్లు మండాయి. వెనక సీట్లో అత్తయ్య, అంటే మా అక్క అత్తగారు, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఉబ్బసం. పొద్దుటినుంచి ఇన్‌హేలర్‌కి లొంగడం లేదు. ఆవిడని దింపి తలుపు పక్కన గాలి తగిలేచోట కూర్చోబెట్టాను.

"కనుమ మీద అంబులెన్స్ ఉంది," అన్నాడు బావ. "అది ఇటు దిగలేదు. నాలుగింటికి గేటు వేసి రోడ్డు పనికి కొండ పేలుస్తారు. మళ్లీ తీసేది రేపు పొద్దున్నే."

కనుమ దాకా పన్నెండు కిలోమీటర్ల రాళ్ల దారి. ఈ ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు తప్ప ఏదీ ఎక్కదు. అద్దాలు దించితే రాతి పొడి, ఎత్తితే ఈ పొగ. అత్తయ్యకి రెండూ విషమే.

"గాస్కెట్ పోయింది. నెల నుంచీ అనుమానంగానే ఉంది," అంటూ బావ స్పానర్ అందుకున్నాడు.

"ముట్టుకోకు. కాలే ఇనుము మీద నట్టు తిప్పితే బోల్టు విరుగుతుంది. విరిగితే ఇవాళ్టికి ఇంతే సంగతులు."

"ఎంతసేపు ఆగాలి?"

"అరగంట."

"అరగంటా! ఇక్కడ ప్రాణం మీదికొస్తుంటే..."

"ఒరేయ్," అంది అత్తయ్య, మాటకీ మాటకీ మధ్య ఈలలా ఊపిరి తీస్తూ. "దాని పని... దాన్ని... చేసుకోనీ. నీ చేతిలో పడితే... ఉన్న చక్రాలు కూడా ఊడతాయి."

టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఇంజన్ మీదికి తిప్పాను. బావ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగాడు.

ఒంటిగంటకి మొదలుపెట్టాను. నాలుగు సిలిండర్ల పొగనీ ఒకచోటికి చేర్చే పోత ఇనుప గొట్టాల గుత్తి, మానిఫోల్డ్. దానికి ఎనిమిది నట్లు. ఏడు ఊడాయి. ఎనిమిదోది తుప్పుపట్టి మొండికేసింది. అలాంటిదాన్ని విప్పాలంటే ముందు వెంట్రుకవాసి బిగించాలి. బిగించాను. కిర్రుమంది. వెనక్కి తిప్పాను. వచ్చింది.

ఇంజన్‌కీ గొట్టాలకీ మధ్య కొత్త గాస్కెట్ వేసి, మధ్య నుంచి చివరలకి నట్లు బిగించి ఇంజన్ స్టార్ట్ చేసేసరికి పావుతక్కువ రెండయింది.

టిక్, టిక్, టిక్.

ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాడు చెప్పాడు కదా అని గాస్కెట్టే అనుకున్నాను. గొట్టాల అడుగు భాగం చూడనే లేదు. ఇంజన్ వేడెక్కకముందే చుట్టూ సబ్బు నీళ్లు చల్లాను. మూడో గొట్టం కింద బుడగలు. అద్దం పెట్టి చూస్తే వెంట్రుకలాంటి పగులు, రెండు అంగుళాలు.

"బావా, వేడి ఇంజన్ మీద నీళ్లు పోశావా?"

"వాగు దాటగానే బురద కడుగుతాను. ఎప్పుడూ అంతే. బండన్నాక శుభ్రంగా ఉండొద్దా?"

"ఎర్రగా కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లా! నీ శుభ్రం తగలెయ్య!"

"పిల్లా," అంది అత్తయ్య. "తిట్లు తర్వాత. బతికుంటే... నేనూ తిడతాను."

ఆవిడ గోళ్లు నీలంగా మారుతున్నాయి.

కొత్త మానిఫోల్డ్ లేదు. పోత ఇనుముని మెల్లగా వేడిచేసి, అతికించి, మెల్లగా చల్లార్చడానికి రోజు పడుతుంది. మళ్లీ విప్పాను. పగులు ఇంకా పాకకుండా దాని రెండు చివర్లా సన్నని రంధ్రాలు వేశాను. వేడికి కరగని పేస్టు దట్టించి, పాత నూనె డ్రమ్ము రేకు కత్తిరించి పైన చుట్టి, రెండు క్లాంపులు బిగించాను. స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. మూడూ అయిదు.

"ఎంతసేపు ఆగుతుంది?"

"మెల్లగా పోతే కనుమ దాకా. తొక్కితే మొదటి మలుపు దాకా."

బావ తొక్కలేదు. రెండో గేరులో, పెళ్లికూతుర్ని మోస్తున్నట్టు నడిపాడు. నేను పక్కన కూర్చుని, డాష్‌బోర్డు కింద ఇంజన్ వైపు ఉన్న సందుకి తెల్లగుడ్డ అడ్డం పెట్టుకున్నాను, పొగ కారితే మసి పట్టి తెలుస్తుందని. గడియారం చూడొద్దనుకుంటూనే చూశాను. మూడున్నర. మూడూ నలభై అయిదు. తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. ఆఖరి మలుపు తిరగగానే గేటు కనిపించింది, మూడొందల గజాలు. పైన మొదటి సైరన్ మోగింది. మూడూ యాభై నాలుగు.

అక్కడే ఎత్తు నిలువుగా లేచింది. ఇంజన్ మూలిగింది.

టిక్.

గుడ్డ మీద నల్లటి మచ్చ. నేను చూస్తుండగానే అరచేయంత అయింది. వెనక సీట్లో దగ్గు మొదలైంది, ఆగలేదు.

"తొక్కితే నిమిషంలో గేటు దగ్గరుంటాం!" బావ అరిచాడు.

"ఆ నిమిషంలో ఆవిడ పీల్చేది పొగే, బావా!"

అతను పెడల్ మీంచి కాలు తీశాడు. తర్వాత ఇంజన్ ఆపేశాడు. హ్యాండ్‌బ్రేక్ లాగి, దిగి, వెనక తలుపు తీసి తల్లిని వీపు మీద ఎక్కించుకున్నాడు. రోడ్డు మీద వేరే బండి లేదు, దుమ్ము లేవలేదు. ఆవిడ రుమాలు నీళ్లతో తడిపి ముక్కుకి అడ్డం పట్టుకుని పక్కనే పరిగెత్తాను.

"ఆగండి! గేటు వెయ్యకండి!" అరిచాను. గేటు కాపలావాడు సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. అంబులెన్స్ నుంచి ఇద్దరు స్ట్రెచర్, ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని దిగువకి పరిగెత్తుకొచ్చారు. దారి మధ్యలోనే ఆవిడని స్ట్రెచర్ మీదికి దించి ముఖానికి మాస్కు పెట్టారు.

నేను ఆవిడ గోళ్లే చూస్తూ నడిచాను. గేటు దాటేసరికి నీలం కాస్త పలచబడింది. స్ట్రెచర్‌ని అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే ఆవిడ మాస్కు పక్కకి జరిపింది.

"మోశాడు కదాని... వదిలేస్తాననుకున్నాడేమో. కోలుకోనీ... వాడి పని చెప్తాను."

"ముందు మాస్కు పెట్టుకో అమ్మా," అన్నాడు బావ, ముఖం తుడుచుకుంటూ, ఆవిడ పక్కన ఎక్కి కూర్చుంటూ.

అంబులెన్స్ అవతలికి దిగిపోయింది. కాపలావాడు నన్ను ఇవతలికి తోసి గేటు దించేశాడు.

"జీపు తియ్యమ్మా, అయిదు నిమిషాల్లో పేలుస్తారు!"

కిందికి జీపు దగ్గరికి పరిగెత్తి, నాలుగు అద్దాలూ పూర్తిగా దించి, తాళం తిప్పాను.